పలమనేరు దారిలో నాయన నంబరు

నాయన పోయిన ఏడాదికి ఆయన ఇనుప ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున డిశ్చార్జి బుక్కు, పక్కనే రుమాలులో మూటకట్టిన పతకాలు ఉన్నాయి. ఆయన 1971 యుద్ధానికి వెళ్లి వచ్చిన సంగతి నాకు తెలుసు. తిరుపతిలో మా వీధివారంతా దాన్ని బంగ్లాదేశ్ యుద్ధమనే అనేవారు కనుక ఆయన ఢాకా వైపే వెళ్లి ఉంటారని నేనూ నమ్మి, నా పిల్లలకు అలాగే చెప్పాను. డిశ్చార్జి బుక్కులో పతకాల వరుసలో మాత్రం పశ్చిమీ స్టార్ అని ఉంది. తూర్పున పోరాడినవారికి ఇచ్చినది పూర్వీ స్టార్. ఇన్నేళ్లూ నేను చెప్పిన కథకు దిక్కే తప్పని అప్పుడు తేలింది.

బతికుండగా ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పింది ఒక్కటే మాట: "రోడ్డు పని చేసినాం."

బుక్కులో ఉన్నది సైన్యంలో ఇంజినీరింగు పనులు చేసే మద్రాస్ సాపర్స్‌కు చెందిన 9 ఇంజినీర్ రెజిమెంట్. చిత్తూరులోని సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆ రెజిమెంటులో పనిచేసిన ఇద్దరి ఆచూకీ దొరికింది. డిసెంబరులో ఒకరోజు ఉదయం కాట్పాడి పాసింజరెక్కి, చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు చేరాను. మొదటి ఇంట్లో గోడ మీది ఫొటోకు దండ వేసి ఉంది. వారి కోడలు కాఫీ ఇచ్చి, ఆర్నెల్లు ముందు వచ్చి ఉంటే బాగుండేదని అన్నది. ఆ మాట పలమనేరు బస్సు మొగిలి ఘాటు ఎక్కేంతవరకూ నన్ను వదలలేదు.

రెండో ఆయనది పలమనేరుకు ఆవల ఒక పల్లె. ఆటో దిగేసరికి ఆయన టమోటా మడి దగ్గర నిలబడి ఉన్నారు. డెబ్బై అయిదు దాటినా నడుము వంగలేదు. నేను నాయన పేరు చెప్పి, యూనిఫాంలో ఉన్న ఫొటో చేతికిచ్చాను. చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపారు.

"పేరు చెప్తే యాడ తెలుస్తాది నాయనా, ఆ పేరుతో మా కంపెనీలో ముగ్గురుండిరి. నంబరు చెప్పు."

డిశ్చార్జి బుక్కు తీసి ఆర్మీ నంబరు చదివాను. చివరి రెండంకెలు 72 అనగానే ఆయన ముఖం మారిపోయింది. "బహత్తర్! మన బహత్తరా!" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. బహత్తర్ అంటే హిందీలో డెబ్బై రెండు. ఒకే పేరుగలవారిని పట్టాళంలో నంబరు చివరి అంకెలతో పిలుస్తారట. ఇంట్లో మాకు ఎన్నడూ వినిపించని పేరు నాయనకు అక్కడ ఒకటి ఉండేదన్నమాట.

వాళ్ల రెజిమెంటు పనిచేసింది పాకిస్తాన్ పంజాబులోని షకర్‌గఢ్ ప్రాంతంలో. డిసెంబరు 15 రాత్రి బసంతర్ నది దాటిన పదాతిదళానికి ట్యాంకుల అండ అందాలంటే మందుపాతరల మధ్యగా దారి తెరవాలి. ఆ దారి పూర్తిగా తెరుచుకోకముందే పూనా హార్స్ అనే రెజిమెంటు ట్యాంకులు తెగించి దూసుకుపోయాయి. మరునాటి పోరులో ఇరవై ఒక్క ఏళ్ల అరుణ్ ఖేత్రపాల్ నేలకొరిగి పరమవీర చక్ర పొందారు. నాయన రెజిమెంటులోనే మేజర్ విజయ్ రతన్ చౌధరికి మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఆ పేరు పలికేటప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డారు.

"మరి మా నాయన ఆ రాత్రి అక్కడున్నారా?" అని అడిగాను. ఉన్నారని అంటారనే ఆశతో అడిగానని ఒప్పుకోవాలి.

"లేడు. తెల్ల టేపు, కట్టెలు మోసే లారీతో ఎనకాల ఉండె. వాని పనంతా యుద్ధం నిలిచినాకే."

17వ తేదీ రాత్రి 8 గంటలకు పడమటి సరిహద్దున కాల్పులు ఆగాయి. మనదేశం గెలిచిన నేలను సిమ్లా ఒప్పందం తరువాత, 1972 చివరికి గానీ తిరిగి అప్పగించలేదు. అన్ని నెలలూ మందుపాతరలు తీసిన జట్టులో నాయన ఉన్నారట. ఆ పని ఎలా చేస్తారో చూపిస్తానని పెద్దాయన పశువుల పాకలోంచి సన్నని ఇనుప చువ్వ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మడిలో దాన్ని ఏటవాలుగా దింపారు. నిట్టనిలువుగా దింపితే మైను నెత్తిన తగిలి పేలుతుందట. ఏటవాలుగా పోతే పక్కన తగిలి ఆగుతుందట. జానెడు దూరం జరిగి మళ్లీ దింపారు, మళ్లీ జరిగారు. రెండు గజాలు సాగేసరికి నుదుట చెమట పట్టింది. అట్లా తెరిచిన బాటకు రెండు పక్కలా తెల్ల టేపు కడతారు. దానినే వాళ్లు రోడ్డు అనేవారు.

చీకటి పడుతుండగా నేను లేచాను. ఆయన ఫొటో ఇమ్మని అడిగారు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్కటే కనుక, సెల్లులో తీసి ఆయన మనవడికి పంపాను. కింద ఏ పేరు రాయాలని ఆ పిల్లవాడు అడిగితే, పెద్దాయన నా వైపు చూడకుండానే, "బహత్తర్ అని రాయి" అన్నారు.