మానవ హక్కుల ప్రశ్నకు నేను క్యాలెండరు రాసి వచ్చిన కథ

మొదటిసారి సివిల్స్ రాత పరీక్ష మెయిన్స్‌లో మానవ హక్కుల ప్రశ్నకు నేను రాసింది సమాధానం కాదు, క్యాలెండరు. 1948 డిసెంబరు 10న విశ్వ మానవ హక్కుల ప్రకటన, 1966లో పౌర, రాజకీయ హక్కులపై ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులపై ఒకటి, మొత్తం రెండు అంతర్జాతీయ ఒడంబడికలు, 1979లో వాటిలో భారత్ చేరిక, 1993లో మన మానవ హక్కుల పరిరక్షణ చట్టం. తేదీలన్నీ సరైనవే, మార్కులే రాలేదు. ఆ జవాబునే ఇంట్లో మళ్లీ రాసి ఒక సీనియర్‌కు చూపిస్తే, ప్రతి పేరా పక్కన ఎర్ర సిరాతో ఒకే మాట రాశారు: "అయితే?"

రెండోసారి పుస్తకాలు తగ్గించి, 1997 నాటి సుప్రీంకోర్టు విశాఖ తీర్పును (విశాఖ ఇక్కడ ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు) పట్టుకుని కూర్చున్నాను. పని ప్రదేశంలో లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి అప్పటికి మనకు ప్రత్యేక చట్టం లేదు. మహిళలపై వివక్షను నిర్మూలించే అంతర్జాతీయ ఒడంబడికను మాత్రం భారత్ 1993లోనే ధ్రువీకరించింది. దేశీయ చట్టానికి విరుద్ధం కానంతవరకు ఆ ఒడంబడిక వెలుగులో ప్రాథమిక హక్కులకు అర్థం చెప్పుకోవచ్చంటూ, వేధింపులను అడ్డుకోవడానికి సుప్రీంకోర్టే మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2013 వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందాలను గౌరవించాలనే 51(సి), వాటి అమలుకు పార్లమెంటు చట్టం చేయవచ్చనే 253 రాజ్యాంగ అధికరణలు ఎందుకున్నాయో నాకు అప్పుడు బోధపడింది. అంతకుముందు అవి వట్టి అంకెలు.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌ను "కోరలు లేని పులి" అని తేల్చేయకండి, అందరూ అదే రాస్తారు. దాని బలహీనత 1993 చట్టంలోని ఏ సెక్షన్‌లో ఉందో చూపండి: ఏడాది దాటిన ఘటనపై విచారణ చేయరాదనే 36(2), సాయుధ దళాలపై ఫిర్యాదు వస్తే కేంద్రాన్ని నివేదిక కోరడంతో సరిపెట్టే 19. ఇంకో మాట, ఐక్యరాజ్యసమితిలో 47 దేశాల మానవ హక్కుల మండలి వేరు, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే 18 మంది నిపుణుల మానవ హక్కుల కమిటీ వేరు. నేను రెండుసార్లు తప్పు పెట్టాను.

ఆ ఏడాది ప్రశ్న కస్టడీ మరణాల మీద వచ్చింది. విశాఖ అక్కరకు రాలేదు కానీ, దాన్ని చదివిన పద్ధతి వచ్చింది. పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహరా లేఖతో మొదలుపెట్టాను. 1993లో సుప్రీంకోర్టు ఆమెకు లక్షన్నర పరిహారం ఇప్పించింది. అక్రమ అరెస్టుకు పరిహారమనే నిబంధనపై, 1979లో పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరేటప్పుడు మన ప్రభుత్వం అభ్యంతరం నమోదు చేసింది. ఆ అభ్యంతరానికిక ప్రాసంగికత లేదని కస్టడీ హింసపై సుప్రీంకోర్టు ఇచ్చిన డి.కె.బసు తీర్పు చెప్పింది. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై 1997లో సంతకం చేసి కూడా మనం ధ్రువీకరించలేదన్న వాక్యం రాస్తుండగా గంట మోగింది. "అయితే?" అన్నదానికి జవాబు రాయడానికి ఇంకో రెండు నిమిషాలు కావాల్సింది.