పెదవుల మంట, మామిడి సొన
ఈ వేసవిలో పది రోజులపాటు నా పెదవులు మండి, పొలుసులుగా లేచాయి. హైదరాబాదు ఎండకు పొడిబారాయనుకుని మాటిమాటికీ నాలుకతో తడుపుతూ, మెంతాల్ కలిసిన లిప్ బామ్ పూస్తూ వచ్చాను. ఉమ్మి ఆరిపోతూ ఉన్న తేమను కూడా లాగేస్తుంది కాబట్టి మంట మరింత పెరిగింది.

మామిడిపండ్లు ఎలా తింటున్నారని చర్మవైద్యురాలు అడిగారు. మెహదీపట్నం రైతుబజారులో కొన్న బంగినపల్లి పండ్లను ముచ్చిక కొరికి, తొక్కతోనే చీకుతున్నానని చెప్పాను. ముచ్చిక దగ్గర కారే సొన, తొక్కలోని పదార్థాలు కొందరికి అలర్జీ కలిగిస్తాయని, జీడిమామిడిది కూడా అదే కుటుంబమని ఆమె ఎంతో ఓపికగా వివరించారు. టూత్‌పేస్టులోని దాల్చినచెక్క రుచి, లిప్‌స్టిక్, బి2 విటమిన్ లోపం కూడా కారణాలు కావచ్చట.

ఇప్పుడు పండును కడిగి, తొక్క తీసి, ముక్కలుగా కోసుకుని తింటున్నాను. పెదవులకు పెట్రోలియం జెల్లీ మాత్రమే రాస్తున్నాను.