సంక్రాంతి ఒకనాడు, సూర్యుడి మలుపు మరొకనాడు: వరాహమిహిరుడి రెండు శ్లోకాలు

ఆశ్లేషార్ధాద్దక్షిణముత్తరమయనం రవేర్ధనిష్ఠాద్యమ్ ।
నూనం కదాచిదాసీద్యేనోక్తం పూర్వశాస్త్రేషు ॥

సామ్ప్రతమయనం సవితుః కర్కటకాద్యం మృగాదితశ్చాన్యత్ ।
ఉక్తాభావో వికృతిః ప్రత్యక్షపరీక్షణైర్వ్యక్తిః ॥

ఆరో శతాబ్దపు జ్యోతిశ్శాస్త్రవేత్త వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ఆదిత్యచారం, అంటే సూర్యగతి చెప్పే అధ్యాయం, ఈ శ్లోకాలతోనే మొదలవుతుంది. "ఆశ్లేష సగం నుంచి దక్షిణాయనం, ధనిష్ఠ మొదటి నుంచి ఉత్తరాయణం ఒకప్పుడు తప్పక జరిగే ఉంటాయి, పూర్వ శాస్త్రాలు చెప్పాయి గనుక. ఇప్పుడు మాత్రం ఒక అయనం కర్కాటకం మొదట, రెండోది మకరం మొదట వస్తున్నాయి. చెప్పినదానికి తేడా వస్తే ప్రత్యక్షంగా పరీక్షించి తేల్చుకోవాలి."

"నూనం", అంటే "తప్పక", అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ప్రాచీన గణన గ్రంథం వేదాంగ జ్యోతిషం శ్రవిష్ఠ, అంటే ధనిష్ఠ, మొదట్లో సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడంది. వరాహమిహిరుడి కాలానికి ఆ మలుపు ధనిష్ఠలో లేదు. అయినా ఆయన పెద్దల్ని తప్పుపట్టలేదు, తన కళ్లనూ కాదనలేదు. వాళ్లు చూసింది వాళ్ల ఆకాశం, మనం చూస్తున్నది మన ఆకాశం అన్నాడు. ఇంత వినయమూ ఇంత ధైర్యమూ ఒకేచోట ఉన్న శ్లోకాలు శాస్త్రాల్లో అరుదు.

ఆ తేడాకు కారణం అయన చలనం. భూమి తిరుగుతూనే, వేగం తగ్గిన బొంగరంలా తన అక్షాన్ని మెల్లగా తిప్పుతుంది. ఒక చుట్టుకు దాదాపు 25,800 ఏళ్లు. దీనివల్ల విషువత్తులు (పగలూ రాత్రీ సమానమయ్యేటప్పటి సూర్యస్థానాలు), అయన బిందువులు నక్షత్రాల మధ్య ఏడాదికి సుమారు 50.3 వికలలు వెనక్కి జరుగుతాయి. వికల అంటే డిగ్రీలో 3,600వ వంతు. 72 ఏళ్లకు దాదాపు ఒక డిగ్రీ. సూర్యసిద్ధాంతం దీన్ని ఏడాదికి 54 వికలలుగా, 27 డిగ్రీల మేర అటూ ఇటూ ఊగే కదలికగా చెప్పింది. ఊగడం కాదు, ఒకే దిక్కుకు సాగే చలనమని ఇప్పుడు తెలుసు. కానీ వేగం అంచనా ఎంత దగ్గరగా ఉందో చూడండి.

విషువత్తు నుంచి కొలిస్తే సాయనం, స్థిర నక్షత్రాల నుంచి కొలిస్తే నిరయనం. రెండింటి మధ్య దూరమే అయనాంశ. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం దీన్ని 1956 మార్చి 21కి 23° 15' గా స్థిరపరిచింది. అదే లాహిరి అయనాంశ. దాని ప్రకారం రెండు లెక్కలూ కలిసి ఉన్నది సుమారు క్రీ.శ. 285లో. 2025 సంక్రాంతినాటికి అది 24° 12' దాటింది.

2024 డిసెంబరు 21 మధ్యాహ్నం 2.50 ప్రాంతంలో సూర్యుడు సాయన మకరంలోకి వచ్చాడు. నిజమైన మలుపు అదే. ఆ రోజుల్లో సూర్యగతి రోజుకు సుమారు 1° 1'. నిరయన మకరానికి మిగిలిన 24° 12' నడవడానికి 23 రోజుల 18 గంటలు పట్టింది. అలా 2025 జనవరి 14 ఉదయం 9 గంటలు దాటాక నిరయన మకర సంక్రమణం. అప్పటి సాయన స్ఫుటం, అంటే లెక్కించిన సూర్యస్థానం, 294° 12', అందులోంచి అయనాంశ తీసేస్తే 270°, మకరం మొదలు. గణన చేసేవాళ్లు తరచూ పొరబడేది ఈ తీసివేత దగ్గరే. సాఫ్ట్‌వేర్ అప్పటికే నిరయన స్ఫుటం ఇస్తే, దానిలోంచి మళ్లీ అయనాంశ తీసేస్తారు. రవి ధనుస్సులోనే ఉండిపోతాడు. ముందుగా సెట్టింగుల్లో ఏ అయనాంశ ఉందో చూసుకోవాలి. జ్యోతిష్కుడు బి.వి. రామన్ పేరిట ఉన్న రామన్ అయనాంశ లాహిరి కంటే దాదాపు ఒకటిన్నర డిగ్రీ తక్కువ, కాబట్టి సంక్రమణం ఒక రోజుకు పైగా ముందే వచ్చేస్తుంది.

నక్షత్ర సంవత్సరం 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు. అందుకే సంక్రమణ సమయం ఏటా 6 గంటలు జరిగి, లీపు రోజు వచ్చాక ఒక రోజు వెనక్కి వస్తుంది. 2024లో జనవరి 15 తెల్లవారుజామున 3 గంటలకు కాస్త ముందు, 2025లో 14 ఉదయం. పండుగ ఒక ఏడు 14న, ఒక ఏడు 15న రావడం పంచాంగకర్తల పొరపాటు కాదు. నిదానంగా అది మొత్తంగా కూడా తర్వాతి తేదీలకు జరుగుతోంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 ఆనాటి మకర సంక్రాంతే.

మరి ఇప్పుడు మలుపు ఏ నక్షత్రంలో? నిరయనంలో ధనుస్సు ఆరో డిగ్రీ, మూల రెండో పాదం. అంటే ధనుర్మాసం మొదలైన ఐదారు రోజులకే, తిరుప్పావైలో ఐదో ఆరో పాశురం పాడుకునే వేళ, ఆకాశంలో సూర్యుడు మళ్లిపోతున్నాడు. ఉత్తరాయణం దేవతలకు పగలు, ధనుర్మాసం వారి బ్రాహ్మీ ముహూర్తం అంటాం. మనకు ఒక ఏడు వారికి ఒక రోజు కాబట్టి మన నెల వారికి రెండు గంటలు. ఆ లెక్క అయనమూ రాశీ కలిసి ఉన్న కాలానికి అచ్చంగా సరిపోయింది. ఇప్పుడు తెల్లవారుజాము కొలువులోనే తూరుపు ఎర్రబడుతోంది. కొలువు మానేయాలా? అక్కర్లేదు. ధనుర్మాస వ్రతం ధనూరాశిని పట్టుకుని ఉంది, సంక్రాంతి తర్పణం రవి మకర ప్రవేశాన్ని పట్టుకుని ఉంది. అవి నిరయనంలోనే నడవాలి. డిసెంబరు మలుపునాడు ఉదయం మరొక అర్ఘ్యం ఇస్తే ఏ వ్రతానికీ భంగం లేదు.

పుణ్యకాలం సంగతి. కర్కాటక సంక్రమణానికి పుణ్యకాలం ముందు, మకరానికి తర్వాత. పండుగల వేళలు తేల్చే నిర్ణయ గ్రంథాల్లో మకరానికి 20 ఘడియలని ఒక మాట, 40 అని ఒక మాట ఉంది. ఘడియ 24 నిమిషాలు కనుక 8 గంటలు లేదా 16 గంటలు. సంక్రమణం రాత్రి జరిగితే స్నానం, తిలతర్పణం, గుమ్మడికాయ దానం మర్నాడు పగలు. అమెరికాలో ఉన్నవాళ్లు తారీఖు చూసి కాక, క్షణాన్ని స్థానిక సమయంలోకి మార్చి చూసుకోవాలి. 2025లో న్యూయార్క్‌లో అది 13 రాత్రి 10.33 ప్రాంతం, కాబట్టి అక్కడ పుణ్యకాలం 14 పగలే. సంకల్పంలో "దక్షిణాయనే" సంక్రమణం వరకు, ఆ తర్వాత "ఉత్తరాయణే". ఋతువును మాత్రం మన సంకల్పంలో చాంద్రమాసంతో చెబుతాం. పుష్యమాసంలో సంక్రాంతి వస్తే "హేమంత ఋతౌ" అనే అనాలి, "శిశిర" అనకూడదు.

ప్రత్యక్ష పరీక్ష ఎలాగో వరాహమిహిరుడు తర్వాతి శ్లోకంలోనే చెప్పాడు. దూరంలో గుర్తు పెట్టుకుని ఉదయాస్తమయాలు చూడడం ఒక దారి, పెద్ద వృత్తంలో నీడ వచ్చిపోయే చోట్లు గుర్తించడం మరో దారి. మధ్యాహ్నపు నీడను కొలవడం మేడ మీద ఇంకా తేలిక. మీటరు కర్రను తూకపు గుండుతో నిట్టనిలువుగా పాతండి. విజయవాడలో డిసెంబరు 21న మధ్యాహ్నపు నీడ సుమారు 84 సెంటీమీటర్లు, ఏడాదిలోకెల్లా పొడవు. సంక్రాంతినాటికి 78. గడియారం 12 కొట్టగానే గీత గీస్తే తప్పుతుంది. అక్కడ నడిమధ్యాహ్నం డిసెంబరు 21న 12.05 దాటాక, జనవరి మధ్యలో 12.16 ప్రాంతంలో. అందుకని 11.50 నుంచి 12.30 దాకా ఐదు నిమిషాలకొక చుక్క పెట్టి, వాటిలో పొట్టి నీడను తీసుకోవాలి. కొస మసకగా ఉంటుంది. కర్ర పైన చిన్న రంధ్రం చేసిన రేకు బిగిస్తే వెలుగు చుక్క స్పష్టంగా పడుతుంది. మలుపుకు ఐదు రోజులు ముందూ వెనుకా తేడా మూడు మిల్లీమీటర్లే, కాబట్టి ఒక్కరోజు చూసి తేల్చలేం. డిసెంబరు 10 నుంచి జనవరి మొదటి వారం దాకా గుర్తులు పెట్టి, ముందూ వెనుకా ఒకే పొడవున్న రోజుల మధ్య దినం చూడాలి. ఆ దినాన, కర్ర పక్కనే నిలబడి, ఆదిత్యుడికి దోసెడు నీళ్లు వదలండి.