సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీతో మొదటి ఏడాది: ఆయిలు, పెట్రోలు, అద్దాలు

నాలుగేళ్ళు వాడిన ఎస్‌యూవీ మా ఇంటికి వచ్చినప్పుడు దాంతోపాటు ఒక ప్లాస్టిక్ ఫైలు కూడా వచ్చింది. పాత యజమాని బిల్లులన్నీ తేదీల వరుసలో పెట్టి ఇచ్చారు. ఆ రాత్రి కూర్చుని ఒక్కో కాగితం తిరగేశాను. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, అన్నిటికీ పార్టు నంబర్లున్నాయి. ఇంజన్ ఆయిల్ దగ్గర మాత్రం రెండు బిల్లుల్లోనూ ఒకటే ముక్క: "సింథటిక్ 5డబ్ల్యూ-30, 7 లీటర్లు". మాన్యువల్ తీసి చూస్తే మా ఇంజన్‌కి ఫిల్టరుతో కలిపి పట్టేది 6.5 లీటర్లు. గ్రేడుతో పాటు కంపెనీ ఆమోద నంబరు కూడా డబ్బా మీద ఉండి తీరాలని రాసుంది. ఆ నంబరు బిల్లుల్లో ఎక్కడా లేదు.

మాది మూడు లీటర్ల టర్బో పెట్రోల్, ఆరు సిలిండర్లు, స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్. ఇంత బరువైన, ఇంత సున్నితమైన బండిని అంతకుముందు మేము వాడలేదు. అందుకే అడిగినవాళ్ళందరి సలహాలూ విన్నాను. కొన్ని వారాలకు అర్థమైందేమిటంటే, దానికి ఏం కావాలో చాలావరకు దాని మీదే రాసి ఉంది. పెట్రోల్ మూత లోపలి స్టిక్కరు మీద, ఆయిల్ ఫిల్టరు మూత మీద, అద్దం వెనక అచ్చువేసిన అక్షరాల్లో, మాన్యువల్ చివరి పేజీల్లో. మనం చదవకుండా పక్కింటివాళ్ళ బండికి సరిపోయింది మన బండికీ సరిపోతుందనుకుంటాం.

ముందు ఆయిల్ సంగతి చెప్తాను. ఎక్కువ కష్టం దాంతోనే పడ్డాను.

5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్న అంకె ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. అంటే గ్రేడు చెప్పేది చిక్కదనం గురించే. అందులో ఏ రసాయనాలు కలిపారు, టర్బో వేడికి ఎన్నాళ్ళు తట్టుకుంటుంది, సైలెన్సర్ దారిలో ఉండే ఫిల్టర్ని బూడిదతో నింపేస్తుందా లేదా, ఇవన్నీ తేల్చేది ఆమోద నంబరు. బీఎండబ్ల్యూకి లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్‌కి 229.51, 229.52, ఫోక్స్‌వ్యాగన్ కుటుంబానికి 504 00, 507 00, ఇలా ఎవరి నంబర్లు వాళ్ళవి. ఒకే కంపెనీలో కూడా ఇంజన్ని బట్టి నంబరు మారుతుంది. ఒకే గ్రేడున్న రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి వెనక వైపు చదవండి, తేడా మీకే కనిపిస్తుంది. ఇంకో చిన్న మెలిక ఉంది. "ఆమోదం పొందింది" అని రాయడం వేరు, "ఈ అవసరాలకు తగినది" అని రాయడం వేరు. మొదటిది బండి తయారుచేసిన కంపెనీ ఒప్పుకున్నమాట. రెండోది ఆయిల్ అమ్మేవాళ్ళు చెప్పుకున్నమాట. నేను మొదటిదే కొంటున్నాను.

సరైన నంబరున్న డబ్బాలు నేనే కొని ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. "ఆరున్నరే పొయ్యండి" అని చెప్పాను. "ఏడు పడుతుంది మేడమ్, మేం రోజూ చేసే పనే కదా" అన్నారు. మా ఇంజన్‌కి ఆయిల్ ఎంతుందో ముంచి చూసే కడ్డీ, డిప్‌స్టిక్, లేదు. ఆయిల్ స్థాయి స్క్రీన్ మీద చూసుకోవాల్సిందే. అదీ ఇంజన్ బాగా వేడెక్కాక, సమతలంగా ఉన్న చోట ఆపాక. ఇంటికి వచ్చి, మెనూలోకి వెళ్ళి కొలత మొదలుపెట్టాను. ఒక నిమిషం గడిచింది. గీత పైకి పాకి, ఆఖరి గుర్తు దాటి ఆగింది. కింద "గరిష్ఠ స్థాయి మించింది" అని వచ్చింది.

ఫోన్ చేస్తే కొంచెం ఎక్కువైతే ఏమీ కాదన్నారు. అవుతుంది. ఆయిల్ మరీ పైకి వస్తే తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికినట్టు చిలుకుతుంది. నురగ కడుతుంది. గాలి బుడగలు నిండిన ఆయిల్‌ని పంపు తోడుతుంటే ఒత్తిడి సరిగ్గా నిలవదు. మిగిలింది ఆవిరి గొట్టంలోంచి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకి పోయి అక్కడ జిడ్డు పేరుకుంటుంది. బండి మళ్ళీ తీసుకెళ్ళి, పైనుంచి సన్న గొట్టం దింపి వాక్యూమ్ పంపుతో అర లీటరు తీయించేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు. పాత బిల్లుల్లోని ఏడు లీటర్లు అప్పుడు గుర్తొచ్చాయి. ఈ ఇంజన్ అంతకుముందు కూడా అలాగే తిరిగిందన్నమాట.

తర్వాతి సారి నేనే మార్చాను. మా ఆయన టార్చ్ పట్టుకుని పక్కన కూర్చున్నారు.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవాళ్ళకి ముఖ్యమైన మాట. బండి లేపే ముందు మెనూలో జాక్ మోడ్ ఆన్ చెయ్యాలి. లేకపోతే ఒక మూల పైకి లేచేసరికి, బండి తనంతట తాను ఎత్తు సరిచేసుకోబోతుంది. జాక్ మీద నిలబెట్టి కిందికి దూరకండి. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాక, బండిని చేత్తో ఊపి చూసి, ఆ తర్వాతే దూరండి.

ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ముందు పైనున్న ఫిల్టరు మూత వదులు చేస్తే ఫిల్టరు గిన్నెలోని ఆయిల్ కిందికి జారుతుంది. మూత మీద "25 ఎన్ఎమ్" అని పోతపోసి ఉంది. అంటే 25 న్యూటన్ మీటర్లు, బిగించేటప్పుడు టార్క్ రెంచ్ పెట్టాల్సిన కొలత. ప్లాస్టిక్ మూత కాబట్టి అంతకు మించితే పగులుతుంది. తర్వాత కింద ప్లాస్టిక్ షీటు తీసి, డ్రెయిన్ ప్లగ్ విప్పాను. ప్లగ్ వాషర్ చూస్తే ఒకవైపు నలిగి పల్చబడి, అంచు బయటికి పొంగి ఉంది. ఇది ఒక్కసారికి నలిగి అతుక్కోవడానికే చేసినది. దీన్ని పాతదే మళ్ళీ వాడబట్టే కింద షీటు లోపలివైపు చెమ్మ పట్టింది. కొత్త వాషర్, మూతకి కొత్త ఓ-రింగ్ వేశాను, రింగుకి కొత్త ఆయిల్ రాసి మరీ.

పాత ఫిల్టర్ని వెంటనే పారెయ్యలేదు. కాగితం మడతల్ని ఒక్కొక్కటి విప్పి టార్చ్ వెలుతుర్లో చూశాను. నల్లటి ఆయిల్ తప్ప మెరిసే లోహపు రజను లేదు. ఎవరు ఏ మాట చెప్పినా కుదుటపడని మనసు ఆ మడతలు చూశాక కుదుటపడింది. ఈ పని ఐదు నిమిషాలే, మీరు చేయించుకున్నా సరే, పాత ఫిల్టర్ అడిగి తీసుకుని చూడండి.

ఆయిల్ మొదట ఆరు లీటర్లే పోశాను. నడిపి, వేడెక్కించి, కొలిచి, మిగతాది కొంచెం కొంచెంగా కలిపాను. పాత ఆయిల్ డబ్బాల్లోకి వంపి, వాడేసిన ఆయిల్ సేకరించే చోట ఇచ్చాను.

ఎన్నాళ్ళకి మార్చాలి? మా బండి కంప్యూటరు ఏడాది లేదా 15,000 కిలోమీటర్లు అంటుంది. నేను ఏడాది లేదా 10,000 దగ్గర మారుస్తున్నాను. మేం ఎక్కువగా తిరిగేది దగ్గరి దూరాలు. ఇంజన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆపేస్తే ఆయిల్‌లో చేరిన పెట్రోలు, తేమ ఆవిరై పోవు. పల్చబడిన ఆ ఆయిలే టర్బో బేరింగుల్ని కాపాడాలి. హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్ళకి కంపెనీ చెప్పిన గడువు చాలు.

పెట్రోల్ విషయంలో మా ఇంట్లో కొన్నాళ్ళు వాదన నడిచింది. మూత లోపల స్టిక్కరు మీద కనిష్ఠం 95 రాన్, 98 మేలు అని ఉంది. రాన్ అంటే పెట్రోలు ఆక్టేన్‌ని కొలిచే ఒక అంకె. "91 చాలంట, అమెరికాలో ఇదే ఇంజన్‌కి అదే పోస్తున్నారు" అన్నారు మా ఆయన. ఆయన విన్నది నిజమే, కానీ ఆ 91 వేరు. అక్కడ పంపు మీద వేసేది రెండు రకాల ఆక్టేన్ పరీక్షల సగటు. మన స్టిక్కరు మీదున్నది అందులో ఒక పరీక్ష అంకె మాత్రమే. అక్కడి 91 దాదాపు ఇక్కడ రాసిన 95కి సమానం. ఈ సంగతి తెలియక 91 రాన్ పోస్తే, కనిష్ఠం కంటే తక్కువ పోసినట్టే.

ఆక్టేన్ అంటే పెట్రోలు బలం కాదు. ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు నిలుస్తుందన్నది. టర్బో గాలిని బాగా నొక్కి పంపుతుంది కాబట్టి ఆ ఓర్పు కావాలి. అది చాలకపోతే సిలిండర్లో టకటకమని నాకింగ్ మొదలవుతుంది. సెన్సర్ పసిగట్టి, నిప్పురవ్వ పడే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. ఇంజన్ బతుకుతుంది, పికప్ తగ్గుతుంది. మేం 95తో మూడు ట్యాంకులు, 98తో మూడు ట్యాంకులు నడిపి చూశాం. మామూలు రోజుల్లో ఏ తేడా తెలియలేదు. ఎండలో, నిండా మనుషులతో, సామానుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రం 98 తేలిగ్గా లాగింది. ఇప్పుడు రోజూ 95 పోస్తున్నాం, దూర ప్రయాణాలకు 98. కనిష్ఠం 98 అని రాసున్న బండైతే ఈ లెక్క పనికిరాదు. రోజూ 98 పొయ్యాల్సిందే.

ఇథనాల్ శాతం కూడా ఆ స్టిక్కరు మీదే ఉంటుంది, ఈ10 (పది శాతం ఇథనాల్) అనో ఇంకొకటో. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ. ఆ శాతం పెరిగితే మైలేజ్ కొంచెం పడిపోవడం సహజం, బండి పాడైందని కంగారు పడక్కర్లేదు. పంపు క్లిక్‌మని ఆగాక ఇంకా నింపించకండి. పొంగిన పెట్రోలు, ఆవిర్లు పట్టే బొగ్గు డబ్బాలోకి పోతుంది. ట్యాంకు అడుగంటేదాకా నడపకండి, లోపలి పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే.

ఇంజెక్టర్ క్లీనర్ సీసాల గురించి ఒక్క మాట. మా ఇంజన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది, ఇన్‌టేక్ వాల్వుల్ని తాకదు. కాబట్టి ట్యాంకులో ఏది పోసినా ఆ వాల్వుల మీది మసి పోదు. నిజంగా పేరుకుంటే అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. అవసరం వచ్చినప్పుడు చేయిద్దామని సీసాలు కొనడం మానేశాను.

ఇక అద్దాలు. కొన్న మొదటి నెలలో రివర్స్ వేస్తే పక్క సీటు వైపు అద్దం కిందికి వంగడం లేదు. ఫుట్‌పాత్ అంచు కనిపించక రెండుసార్లు చక్రం రాసుకుంది. ఒక చోట అడిగితే లోపలి మోటారు పోయింది, అద్దం మొత్తం మార్చాలన్నారు. ఒప్పుకోబోయి, ముందు మాన్యువల్ చూద్దామని ఆగాను. అద్దం సర్దే బటన్ ఒక నిర్ణీత స్థానంలో ఉంటేనే ఈ వంపు పనిచేస్తుందని ఒక వాక్యం ఉంది. కొన్ని కంపెనీల్లో పక్క సీటు వైపు, కొన్నిట్లో డ్రైవర్ వైపు. మాది మధ్యలో ఉంది. బటన్ జరిపి రివర్స్ వేశాను. అద్దం మెల్లగా తలవంచింది.

నాలుగు నెలలకి పార్కింగ్‌లో స్తంభం తగిలి డ్రైవర్ వైపు అద్దం పగిలింది. దాన్ని మార్చేటప్పుడు నేర్చుకున్నవి చెప్పాలి. ఈ అద్దం వెనక వైర్లు ఎన్ని ఉన్నాయో చూడకుండా ఆర్డర్ చెయ్యకూడదు. వేడెక్కడానికి రెండు, రాత్రి వెనక లైట్లకి నల్లబడే గుణానికి రెండు, పక్కన వచ్చే బండిని హెచ్చరించే దీపానికి వేరే కనెక్టరు. అద్దం వంపు కూడా చూడాలి. మాది బయటి అంచు దగ్గర చుక్కల గీత దాటాక ఎక్కువ వంగి ఉంటుంది, చదునుది వేస్తే ఆ మేర కనిపించదు. అందుకే 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇచ్చే తెప్పించాను. నల్లబడే అద్దం పగిలితే లోపలి జెల్ కారుతుంది, అది చర్మానికీ పెయింటుకీ మంచిది కాదు. గ్లవ్స్ వేసుకుని, కారిన చోట వెంటనే నీళ్ళతో కడిగాను. పగుళ్ళ మీద టేపు అతికించి, అద్దం హీటర్ కాసేపు వేసి, ప్లాస్టిక్ పట్టీతో అంచు దగ్గర లేపితే క్లిప్పులు వదిలాయి. కొత్తది పెట్టేటప్పుడు మధ్యలో అరచేత్తో నొక్కాలి, మూలల్లో నొక్కితే మళ్ళీ పగులుతుంది.

చేత్తో మడవకండి. మా అద్దం ఎవరో తోసినప్పుడు లోపల పళ్ళు తప్పి, కదిలినప్పుడల్లా కటకటమంది. బటన్‌తోనే రెండుమూడు సార్లు మూసి తెరిస్తే టక్కున సరైన చోట కూర్చుంది.

ఇంత ఎత్తు బండిలో పక్కనే వచ్చే చిన్న బండ్లు కనబడకుండా పోతాయి. చాలామంది అద్దాల్లో సొంత బండి పక్క భాగమే సగం చూసుకుంటుంటారు. నేను డ్రైవర్ కిటికీకి తల ఆనించి, ఆ వైపు అద్దంలో మా బండి అంచు ఒక్క గీతలా కనిపించేదాకా బయటికి తిప్పాను. తర్వాత తలని బండి మధ్యకు వంచి రెండో వైపూ అంతే. మామూలుగా కూర్చుంటే మా బండి అసలు కనిపించదు, మొదటి రెండు రోజులు వింతగా ఉంటుంది. కానీ లోపలి అద్దంలోంచి జారిన బండి పక్క అద్దంలోకి, అక్కణ్ణుంచి కంటి చివరికి తెగకుండా వస్తుంది. అయినా దారి మారే ముందు ఒకసారి తల తిప్పి చూస్తాను.

మా ఆయన నాకంటే బాగా పొడుగు. ఆయన నడిపాక నేను ఎక్కితే అద్దాలు ఆకాశం చూస్తుండేవి. సీటు మెమరీలో ఒకటి నాది, రెండు ఆయనది అని పెట్టుకున్నాం. రివర్స్‌లో వంగే కోణం కూడా రివర్స్ వేసి ఉంచే సర్దాలని, అప్పుడే గుర్తుంచుకుంటుందని తర్వాత తెలిసింది. బ్రేక్ మీద కాలు గట్టిగా పెట్టి, రివర్స్ వేసి, వెనక చక్రమూ ఫుట్‌పాత్ అంచూ రెండూ అద్దంలో కనిపించేదాకా వంచి, సేవ్ చేశాను. ఆయనది ఆ సాయంత్రం ఆయనే చేసుకున్నారు.