బుగ్గ ఎక్కడ ఆపాలి?

మా చిన్నమ్మ కొడుకు హనుమకొండలో బీటెక్ చేశాడు. పోయిన నెల ఒక కంపెనీ సెలక్షన్‌లో గేమ్స్ రౌండ్ దగ్గరే ఆగిపోయాడు, అంటే కంప్యూటర్ మీద చిన్న చిన్న ఆటలు ఆడించి మనిషి గుణాన్ని చూసే దశ. రాతపరీక్షలో పోతే ఎక్కడ తప్పామో తెలుస్తుంది, చదువుకుని మళ్లీ రాసుకుంటాం, ఇక్కడ అదీ లేదు.

వాడు ఆడిన వాటిలో ఒకటి బుగ్గ ఆట, బుగ్గ అంటే బెలూన్. బటన్ నొక్కినకొద్దీ తెర మీద బుగ్గ ఉబ్బుతుంది, నొక్కిన ప్రతిసారీ లెక్కలో కొన్ని పైసలు పడతాయి, ఎప్పుడు పగులుతుందో చెప్పరు, పగిలితే దాని మీద వచ్చిందంతా పోతుంది, ఆలోపు ఆపేస్తే మనదే. మావాడు నాలుగైదు సార్లు నొక్కి ప్రతిసారీ ఆపేశాడట. "ఉన్న పైసలు పోగొట్టుకోవద్దు కదా అక్కా" అన్నాడు.

ఈ ఆట పుట్టింది ఉద్యోగాల కోసం కాదు. మనిషి ఎంతవరకు తెగిస్తాడో కొలవడానికి అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు తయారుచేశారు, 2002లో అచ్చయింది. అందులో 90 బుగ్గలు, నొక్కుకు 5 సెంట్లు. పగలని బుగ్గల మీద సగటున ఎన్నిసార్లు నొక్కారన్నది చూస్తారు. తర్వాత ఇలాంటి ఆటలు నియామకాల్లోకి వచ్చాయి, యూనిలీవర్ కూడా పైమెట్రిక్స్ అనే సంస్థ ఆటలతో కొత్తవాళ్లను వడపోసింది.

నేను ఆటలకు వ్యతిరేకం కాదు. రెజ్యూమెలో కాలేజీ పేరు చూసి పక్కన పడేసేదానికంటే నయం, ఎన్‌ఐటీలో చదివినవాడికీ పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చి చదివినవాడికీ ఒకే ఆట.

కానీ మా చిన్నాయన పత్తి రైతు. జూన్‌లో మొదటి వాన చూసి గింజలు పెడతాడు, వాన మొహం చాటేస్తే అప్పు తెచ్చి మళ్లీ కొని మళ్లీ పెడతాడు, ఎనుమాముల మార్కెట్లో బస్తాలు దించేదాకా ఎంత ధర పలుకుతుందో తెలియదు. ఆ ఇంట్లో పెరిగినవాడికి తెగింపు లేదని నాలుగు నొక్కులు చూసి ఎట్లా అంటారు? పైసలు పోతే ఇంట్లో ఏమవుతుందో కళ్లారా చూశాడు కాబట్టే ఆపాడు. పైగా అక్కడ తెగించేవాడు కావాలో జాగ్రత్తపరుడు కావాలో కూడా వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాడు, ఇన్నాళ్లూ వాడి చేతిలో ఉన్నది ఫోనే. ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు ఎవరైనా చదువుతుంటే, పరీక్షకు ముందు ల్యాబ్‌లో ఒక్క గంట ఈ ఆటలు ఆడించండి సార్. కంపెనీలవాళ్లకు ఒకటే అడుగుతున్నా, ఏ గుణం కోసం చూశారో, ఎక్కడ తగ్గిందో రెండు లైన్లు రాయండి. మావాడికొచ్చిన మెయిల్‌లో వాడి పేరూ, థాంక్యూ తప్ప ఇంకేమీ లేదు.