హెచ్‌ఏ టెస్ట్ పాసైంది, మైగ్రేషన్ మాత్రం ముంచింది

మేం చూసుకునే ఒక క్లయింట్ దగ్గర మూడు సర్వర్ల ప్రాక్స్‌మాక్స్ (ఒక్కో సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ ఉంది. రెండిట్లో ఇంటెల్ 2016 నాటి తరం జియాన్ ఈ5 వి4 ప్రాసెసర్లు, అంటే బ్రాడ్‌వెల్. తర్వాత కొన్న మూడోదాంట్లో అంతకన్నా కొత్త తరం కాస్కేడ్ లేక్. మాకన్నా ముందు సెటప్ చేసినవాళ్లు వీఎంలన్నిటికీ సీపీయూ టైప్ 'హోస్ట్' (కింద ఉన్న అసలు ప్రాసెసర్‌నే వీఎంకి చూపించే సెట్టింగ్) అని పెట్టి వెళ్లారు. కొత్త సర్వర్ పవర్ పీకేసి, వీఎంలు పాతవాటిలో లేవడం కూడా చూపించారట. దాంతో అందరూ ధీమాగా ఉన్నారు.

లైవ్ మైగ్రేషన్, అంటే నడుస్తున్న వీఎంని ఆపకుండా వేరే సర్వర్‌కి మార్చడం, కుదురుతుందో లేదో నిజానికి ఆ టెస్ట్‌లో తేలదు. హెచ్‌ఏలో, అంటే సర్వర్ పోతే వీఎంని వేరే సర్వర్‌లో లేపే ఏర్పాటులో, వీఎం మళ్లీ మొదటినుంచి బూట్ అవుతుంది కాబట్టి కింద ఏ ప్రాసెసర్ ఉందో కొత్తగా చూసుకుంటుంది. లైవ్ మైగ్రేషన్‌లో తన ఇల్లు మారిందని వీఎంకి ఎవరూ చెప్పరు. ప్రోగ్రామ్ మొదలైనప్పుడే జీలిబ్‌సీ అనే లైనక్స్ లైబ్రరీ ప్రాసెసర్‌ని చూసి, ఏవీఎక్స్-512 అనే ఇన్‌స్ట్రక్షన్లు ఉంటే మెమరీ కాపీకి దానికి తగ్గ కోడ్ ఎంచుకుని కూర్చుంటుంది. బ్రాడ్‌వెల్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్లే లేవు. ఒక్కోసారి ఏదో ఒక ప్రోగ్రామ్ 'ఇన్‌వాలిడ్ ఆప్‌కోడ్' అని చస్తుంది, ఒక్కోసారి వీఎం మొత్తం బిగుసుకుపోతుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం కొత్త సర్వర్‌ని ఖాళీ చేస్తుంటే మాకు రెండోదే ఎదురైంది. కన్సోల్ కదలదు, గ్రాఫ్‌లో సీపీయూ మాత్రం వంద శాతం.

మా కుర్రాడు వెంటనే ఒక టెస్ట్ వీఎంకి టైప్ కేవీఎం64 (చాలా తక్కువ ఫీచర్లుండే పాత రకం) పెట్టాడు. ఎక్కడైనా నడుస్తుందని వాడి లెక్క. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది: ఆ వీఎంలో ఉన్నది ఆల్మాలైనక్స్ 9. దానికి కనీసం ఎక్స్86-64-వి2 (ప్రాసెసర్ ఫీచర్ల మెట్లలో రెండోది) కావాలి, కేవీఎం64లో అది లేదు. బూట్‌లోనే కెర్నల్ పానిక్, అంటే సిస్టమ్ లేవకుండానే ఆగిపోయింది. ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి డీఫాల్ట్‌గా ఎక్స్86-64-వి2-ఏఈఎస్ వస్తున్నది ఇందుకే.

మా మూడు మెషీన్లకీ ఉమ్మడిగా అందేది వి3, అంటే ఏవీఎక్స్2 దాకా. అదే పెట్టాం. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాల నుంచి రక్షణ కోసం పీసీఐడీ, స్పెక్-సీటీఆర్‌ఎల్, ఎస్‌ఎస్‌బీడీ ఫ్లాగ్స్ విడిగా ఆన్ చేశాం. వి3లో అవి వాటంతటవే రావు, ఇది చాలామంది వదిలేస్తారు.

"అన్నా, రీబూట్ చేశా కదా, ఇంకా ఏవీఎక్స్-512 చూపిస్తోందేంటి?" అని మావాడి ఫోన్. గెస్ట్ (వీఎంలోని సిస్టమ్) లోపలినుంచి రీబూట్ కొడితే కింద ఆ వీఎంని నడిపే క్యూఈఎమ్‌యూ ప్రాసెస్ అదే ఉంటుంది, మారదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి స్టార్ట్ చేయాలి. వీఎంవేర్‌లో ఇలాంటి పనే చేసే ఈవీసీలోనూ బేస్‌లైన్ మారిస్తే ఇదే తంతు.

'హోస్ట్' తీసేస్తే స్పీడ్ పోతుందని క్లయింట్ టెన్షన్ పడ్డారు. వాళ్లది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఫైల్ సర్వర్. వాటికి ఏవీఎక్స్-512తో ఏం పని? డెవలపర్ల వీఎం ఒక్కటే 'హోస్ట్' మీద ఉంచాం. దాని లోపల మళ్లీ వర్చువలైజేషన్ నడుస్తుంది, వి3లో ఆ ఫ్లాగ్ ఉండదు. దాన్ని కదపాలంటే ఆపి కదపడమే.

నాలుగో సర్వర్ ఏఎమ్‌డీ తీసుకుందామా అని ఇప్పుడు అడుగుతున్నారు. ఈ క్లస్టర్‌లోకైతే వద్దన్నాను. ఇంటెల్, ఏఎమ్‌డీ మధ్య లైవ్ మైగ్రేషన్‌కి ఎవరూ పూచీ ఇవ్వరు.