అమ్మమ్మ చెప్పిన ఆంపర్ఫే

పొద్దున మెట్లు దిగుతుంటే కింది వాటా ఆంటీ ఎదురై, "యూనివర్సిటీలో ఇప్పుడు ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. బస్సు పోతుందన్న తొందరలో "ఫ్రెంచి ఆంటీ, ఇంటర్మీడియట్" అనేశాను. ఆవిడ ముఖం జాలితో నిండిపోయింది. "అయ్యో, నీ ఇంటర్ ఎప్పుడో అయిపోయిందనుకున్నానే!" అన్నారు. మన ఊళ్ళో ఆ మాటకు ఇంకో అర్థం లేదు మరి. యూరప్ వాళ్ళు భాష నేర్చుకోవడాన్ని ఏ వన్ నుంచి సీ టూ దాకా ఆరు మెట్లు చేశారనీ, నేను మూడో మెట్టు మీద, అంటే బీ వన్ మీద, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాననీ విడమరిచి చెప్పే తీరిక ఎక్కడిది? నవ్వేసి పరుగెత్తాను.

అసలు ఇంటర్లో నేను ఫ్రెంచి తీసుకోనే లేదు. అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. తొంభై తొమ్మిది వచ్చాయి, సంస్కృతం మాత్రం రాలేదు. ఆ తొంభై తొమ్మిదిని ఫ్రెంచిలో చెప్పాలంటే ఇప్పటికీ కూడికలు చేసుకోవాలి: కాత్ర వేఁ దిజ్ నఫ్, అంటే నాలుగిరవైల పది తొమ్మిది. బెల్జియం, స్విట్జర్లాండ్ వాళ్ళు తొంభైకి నోనాంత్ అని వేరే మాట పెట్టుకుని హాయిగా ఉన్నారు. పరీక్ష పెట్టేది వాళ్ళు కాదు కాబట్టి మనకు ఆ హాయి లేదు.

ఈ రోజు క్లాసులో మేడమ్ వ్యాసాలు తిరిగి ఇచ్చారు. చిన్ననాటి జ్ఞాపకం ఒకటి రెండు వందల మాటల్లో రాయమన్నారు పోయిన వారం. కోనసీమలో అమ్మమ్మగారి ఊళ్ళో గడిపిన వేసవి సెలవుల గురించి రాశాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. తీరా చూస్తే కాగితం మీద కుంకుమ భరిణె బోర్లాపడ్డట్టు ఉంది. 'ప్రతి వేసవికీ ఊరు వెళ్ళాం' అన్న వాక్యం పక్కన 'కోంబియేఁ ద ఫువా?' అని రాశారు. ఎన్నిసార్లు? 'అమ్మమ్మ ముంజలు తెప్పించింది', మళ్ళీ అదే ప్రశ్న. 'డాబా మీద పడుకున్నాం', మళ్ళీ అదే. మొత్తం పద్నాలుగు క్రియలూ పాసే కోంపోజేలో రాశాను. అంటే ఒక్కసారి జరిగి ముగిసిన పనులుగా రాశానన్నమాట. అన్నీ ఆంపర్ఫేలో, అంటే అలవాటుగా జరుగుతూ ఉండే పనులకు వాడే భూతకాలంలో, ఉండాల్సినవి.

ఆంపర్ఫే రూపాలు నాకు రాక కాదు. ఫ్రెంచి క్రియల్లో ఇంత బుద్ధిమంతమైన కాలం ఇంకోటి లేదు. 'మేము' తో వచ్చే వర్తమాన రూపం తీసుకుని, తోక కోసి, కొత్త తోక అతికిస్తే చాలు. ఎదురుతిరిగేది 'ఉండు' అన్న క్రియ ఒక్కటే. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎక్కడ వాడాలో తెలియదు, అంతే. కత్తిపీట ఉంది కానీ ఏ కూరకు ఎలా తరగాలో తెలియనట్టు.

వీటన్నిటికంటే సిగ్గేసింది ఇంకో ఎర్ర గీత చూసి. 'నేను వెళ్ళాను' అని రాసిన చోట చివర 'ఈ' అక్షరం చేర్చలేదు. వెళ్ళడం, రావడం, పుట్టడం, చావడం లాంటి కొన్ని క్రియలకు, చెప్పేది ఆడపిల్ల అయితే ఆ అక్షరం ఒకటి తగిలించాలి. పలికేటప్పుడు వినిపించదు, రాతలోనే ఉంటుంది. మేడమ్ పక్కనే 'మీరు అబ్బాయా?' అని రాశారు, మర్యాదగా, 'మీరు' అనే 'వూ' తోనే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సున్నా టికెట్టు చేతిలో నలుపుకుంటూ కూర్చున్నాను. అంబర్‌పేట దాటి మూసీ మీదికి వచ్చేసరికి, మా పేట పేరు గుర్తొచ్చి కాస్త ఊరట కలిగింది. మేముండేది మూసారాంబాగ్. నిజాం కొలువులో సేనానిగా ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమోఁ పేరే ఇది. అస్మాన్‌గఢ్ వైపు గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. మస్యో రేమోఁ జనం నోట్లో మూసా రాం అయ్యాడు. ఆ చివరి ముక్కుపలుకును మనవాళ్ళు నిండు సున్న చేసి రాముణ్ణి చేసేశారు. నా నోట్సులో నేను మాత్రం అరసున్నలే వాడతాను. వేఁ అంటే ద్రాక్షసారా, వాఁ అంటే గాలి, వోఁ అంటే వెళ్తారు. ఎనిమిదో తరగతిలో 'ఈ అరసున్న ఇంకెందుకండీ' అని తెలుగు మాస్టారిని అడిగి తిట్లు తిన్నాను. ఆయన కనిపిస్తే చెప్పాలి.

ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ హాల్లో పాత పేపరు పరుచుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నాను. ముఖం చూసి "ఏమయిందే?" అంది. మార్కులు చెప్పాను. ఆవిడకు మార్కుల సంగతి పట్టలేదు కానీ, "ఫ్రెంచివాళ్ళంటే మన యానాం వాళ్ళే కదా. మా అమ్మ పెళ్ళి అక్కడే అయింది" అంది.

ఈ సంగతి నాకు ఇన్నేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతుల్లో ఉందని తెలుసు. శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చి పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమయ్యాక, ఆ చట్టం చెల్లని యానాంకు చుట్టుపక్కల వాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళేవారనీ, దానికి కల్యాణపురమని పేరు వచ్చిందనీ చదివాను. చదివినదాంట్లో మా తాతమ్మ ఉంటుందని అనుకోలేదు.

"మా అమ్మ చింతపిక్కలు భలే ఆడేదట" అని మొదలుపెట్టింది అమ్మమ్మ, చేతిలో కాయ విరుస్తూనే. "ఎక్కడికి వెళ్ళినా పరికిణీ చెంగులో మూట కట్టుకుని వెళ్ళేదట. కాలవ గట్టున కూర్చుంటే పొద్దు తెలిసేది కాదట. వాళ్ళ నాన్న వచ్చి కేకలు వేసేవాడు, ఇది లేచేది కాదు. ఒకరోజు పొద్దున్నే తలంటి, పట్టు పరికిణీ కట్టించి, గౌతమి దాటించారు. పెళ్ళి చేశారు."

"ఎన్నేళ్ళప్పుడు?"

"పదకొండో, పన్నెండో."

చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. ఆడేది, వెళ్ళేది, తెలిసేది కాదు, వేసేవాడు, లేచేది కాదు. తర్వాత దాటించారు, చేశారు. మేడమ్ ఆరు వారాలుగా బోర్డు మీద గీతలు గీసి చెప్తున్నదంతా అమ్మమ్మ ఈనెలు తీస్తూ చెప్పేసింది. ఎక్కడ ఏది వాడాలో ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేనూ తెలుగులో ఎప్పుడూ ఆలోచించను. నా తప్పు ఏమిటంటే, ఫ్రెంచి రాయడానికి కూర్చోగానే ముందు ఇంగ్లీషులో అనుకుంటాను. ఇంగ్లీషుకు 'వెళ్ళాం' అన్నా 'వెళ్ళేవాళ్ళం' అన్నా ఒకే మాట సరిపోతుంది. దాన్ని పట్టుకుని అవతలి ఒడ్డుకు వెళ్తే, మనకున్న తేడా దారిలోనే మునిగిపోతుంది. చదివిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండటం వల్ల, తెలుగు ఈ పనికి వస్తుందని తోచనే లేదు.

అన్నిటికీ వస్తుందని కాదు. బల్ల ఎందుకు ఆడదో, పుస్తకం ఎందుకు మగదో ఏ అమ్మమ్మా చెప్పలేదు. ఆడామగా సంగతికి వస్తే రెండు భాషలూ సరిగ్గా తిరగబడ్డాయి కూడా. తెలుగులో 'వెళ్ళాను' అంటే చెప్పింది ఎవరో తెలియదు, 'వెళ్ళేదాన్ని' అనగానే తెలిసిపోతుంది. ఫ్రెంచిలో 'వెళ్ళేదాన్ని' కీ 'వెళ్ళేవాణ్ణి' కీ ఒకటే రూపం, 'వెళ్ళాను' దగ్గర ఆ మూగ అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఇది తట్టినప్పుడు నాకు కలిగిన సంబరం పంచుకోవడానికి ఇంట్లో ఎవరూ దొరకలేదు. తమ్ముడికి చెప్పబోతే ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక వ్యాసం మళ్ళీ మొదలుపెట్టాను. ముంజలు, డాబా అన్నీ తీసేశాను. జ్ఞాపకం నాదే అయి ఉండాలని మేడమ్ అంటే అనుకోనీ. 'ఎల్ జువే', ఆమె ఆడుకునేది. చింతపిక్కలను ఫ్రెంచిలో ఏమంటారో నిఘంటువులో దొరకలేదు, గింజలు అని సరిపెట్టాను. 'అఁ జూర్, ఓఁ లా మారియే', ఒకరోజు పెళ్ళి చేశారు. చేసింది ఎవరో చెప్పనక్కర లేకుండా 'ఓఁ' అనేస్తే చాలు. మన 'చేశారు' కు ఆ పాటి మాట కూడా అక్కర్లేదు.

పుస్తకం మూయబోతూ ఒకసారి చూసుకున్నాను. పెళ్ళి అయింది ఆడపిల్లకు, ఆమెను సూచించే మాట క్రియకు ముందే వచ్చింది, కాబట్టి ఇక్కడా చివర 'ఈ' ఉండాలి. మళ్ళీ మర్చిపోయాను. ఉన్న కాస్త చోటులోనే ఇరికించి రాశాను.